నిద్రలో వచ్చు సొమ్ము

ఇటీవల మన యిండ్లలో నొక క్రొత్త యుపదేశము వినవచ్చుచున్నది. చేతితో వస్తువును జేసి యమ్ముకొనువాడు కాలమెఱుగనివాడనియు, ఒక్కమారు బొమ్మనో పాఠమునో పట్టికనో యంత్రమునందు సిద్ధపఱచి దాని ప్రతినే వేయిమందికి వేయిమారు లమ్ముకొనువాడే బుద్ధిమంతుడనియు ఆ యుపదేశసారము. ఇట్టి ప్రతులకు డిజిటల్ సరకని పేరు. ఈ సరకునకు బరువు లేదు, గిడ్డంగి యక్కఱలేదు, తపాలాఖర్చు లేదు, చెదలు పట్టవు. కొనువాడు రొక్కము చెల్లించిన మఱునిమేషమున ఫైలు వాని ఫోనులో నుండును. అమ్మినవాని యొద్దను తఱుగక యుండును. కావున దీనివలన వచ్చు రాబడిని 'నిద్రపోవుచుండగా వచ్చు సొమ్ము' అని యీ యుపదేశకులు ముద్దుగా బిలుచుచున్నారు. వీరి యుపన్యాసములు ఫోనులలో నెడతెగక మ్రోగుచున్నవి. ఇల్లు కదలలేని గృహిణులును, ఉద్యోగము దొరకని పట్టభద్రులును, పింఛను చాలని పెద్దలును వానిని శ్రద్ధతో వినుచున్నారు.

మేము డిజిటల్ సరకునకు శత్రువులము కాము. ఇదివఱకు వ్యాకరణపాఠములు కొన్ని వ్రాసి, ఫైలుగా గూర్చి, అంతర్జాలమున నమ్మినవారమే. అయినను, తరతరములుగా చేతిపని నిలుపుకొనివచ్చిన యింటికి బోయి, 'వస్తువును మానుము, దాని బొమ్మను మాత్ర మమ్ముకొనుము' అని బోధించుట ఆ యింటికి గీడు సేయుటయే యని మా నిశ్చయము. ఏల యట్లు తలంచుచున్నామో యీ వ్యాసమున నివేదింతుము.

మాకీ ప్రసంగమునకు గారణమైన సంగతిని ముందు జెప్పవలెను. మేము శ్రీకాళహస్తిలో బడిపంతులము. మా యొద్ద జదువుకొన్న యొక యమ్మాయి గత వేసవిలో మా యింటికి వచ్చెను. ఆమె తల్లి ముప్పదియేండ్లుగా కలంకారీ వ్రాయుచున్నది. ఆ సంపాదనతోనే కూతును పట్టణమునకు బంపి కంప్యూటరుచదువు చెప్పించినది. అమ్మాయి చేతిలో నొక కాగితమున్నది. దానిమీద రెండు వరుసలున్నవి. ఒకవరుసలో తల్లి వ్రాయు చీరెలు, వాని ఖర్చు, వాని వెల. రెండవవరుసలో తల్లి గీసిన నెమళ్ళు, లతలు, అంచులు మొదలగు రెండువందల రూపములను ఫోటో తీసి, శుభ్రపఱచి, ఒక్కొక్కటి 150 రూపాయలకు ఫైళ్ళుగా నమ్మినచో వచ్చునని యామె లెక్కగట్టిన మొత్తము.

"అయ్యవారూ, అమ్మ ఒక చీరె వ్రాసేదానికి నెల పైన పడతాది. ఈ నెమలిని నేను ఒక్క సాయంత్రంలో ఫైలు చేసినాను. చీరె ఒకరే కొంటారు. నెమలిని ఎంతమందైనా కొంటారు. మీరే చెప్పండి, ఏది చెయ్యమంటారు?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆమె లెక్కలో దప్పు కనబడలేదు. తప్పెచ్చటనో యున్నదని మాత్రము మనసునకు దోచెను. దానిని వెదకుటకే యీ ప్రయత్నము.

పూర్వపక్షమును సమగ్రముగా జెప్పిన పిమ్మటగాని సిద్ధాంతము చేయరాదని మా గురువులు మాకు నేర్పిరి. కనుక ఫైలుపక్షమువారి వాదమును మొదట వినుదము. చేతిపనివారి దైన్యము కల్పితము కాదు. 2019-20 సంవత్సరమునాటి నాలుగవ అఖిలభారత చేనేతగణన ప్రకారము దేశమున మగ్గపుపనిలోను, తత్సంబంధమైన పనులలోను ఉన్నవారు సుమారు 35 లక్షలమంది. వారిలో నధికసంఖ్యాకులు స్త్రీలు. ఆ కుటుంబములలో మూడింట రెండువంతులవారి నెలరాబడి 5,000 రూపాయల లోపేయని యా గణనయే చెప్పినది. కలంకారీవారు నేతవారు కాకున్నను, వీరి బ్రతుకు వారి బ్రతుకునకు మిక్కిలి దూరమున లేదు. కూర్చుండి వంగి వ్రాయుటచే నడుము పోవును, కండ్లు మసకబాఱును. అంతర్జాలపు అంగడిలో నమ్మజూచితిమా, ఫోటోలో గనబడిన యెఱుపునకును చేతికి వచ్చిన యెఱుపునకును వీసమెత్తు భేదమున్నదని కొన్నవారు తిప్పిపంపుదురు. రానుబోను తపాలాఖర్చు అమ్మినవాని నెత్తిమీద బడును. వానకు దడిసిన మూట సంగతి చెప్పనే యక్కఱలేదు.

శాసనములు సైతము ఫైలువానినే మొదట కటాక్షించినవి. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు అంతర్జాలపు అంగళ్ళద్వారా నమ్ముకొను ప్రతివాడును, రాబడి యెంత స్వల్పమైనను, పేరు నమోదు చేసికొనవలెనని విధించిరి. సేవలమ్మువారికి, సంవత్సరపు రాబడి 20 లక్షలు దాటనంతవఱకు, ఆ సంవత్సరముననే మినహాయింపు నిచ్చిరి. వస్తువులమ్ము చిన్నవారికి అట్టి మినహాయింపు 2023 అక్టోబరు 1వ తేదివఱకు రాలేదు. వచ్చినదియు రాష్ట్రములోపలి విక్రయములకు మాత్రమే. ఇంటిలో గూర్చుండి వస్త్రము వ్రాసి బెంగుళూరి కంపదలచిన స్త్రీకి గలిగిన చిక్కు, ఇంటిలో గూర్చుండి పాఠము చెప్పువానికి గలుగలేదు. ఇన్ని యిక్కట్లు పడలేక యొక యమ్మాయి 'అమ్మా, ఇక చాలును' అన్నచో ఆమెను నిందింపగలవారెవరు? మేము నిందింపము.

ఇది పూర్వపక్షము. ఇక సిద్ధాంతము.

ఫైలునకు బరువు లేదన్నది నిజమే. కాని ప్రతిచేయుటకు ఖర్చులేని వస్తువునకు వెల నిలుచుట యెట్లు? మొదట గొన్నవాడు తన మిత్రులకు బంచును. వారు తమ మిత్రులకు బంచుదురు. అమ్మినవాడు వారిలో నెవరిని బట్టుకొనగలడు? అదియట్లుండగా, 2022 మొదలు మాటలు చెప్పినచో బొమ్మలు గీయు యంత్రములు సామాన్యజనుల చేతికి వచ్చినవి. 'నీలిరంగు నెమలి, చుట్టును లత' అని యెవడు వ్రాసినను నిమేషములో నాలుగు నెమళ్ళు ప్రత్యక్షమగుచున్నవి. ఇట్టి పదివేల నెమళ్ళలో మా శిష్యురాలి నెమలి యొకటియై నిలువవలెను. అది కనబడుటకై ప్రకటనలకు సొమ్ము చెల్లింపవలెను; వారమునకొక క్రొత్త రూపము చేర్చవలెను; నక్షత్రములు వేయుడని కొనువారిని బతిమాలవలెను. నిద్రలో వచ్చు సొమ్మునకై నిద్రమానినవారిని మే మెఱుగుదుము.

ఇతరదేశముల యనుభవమును జూడుడు. అమెరికాలో 2005లో స్థాపితమైన ఎట్సీయను అంతర్జాలపు అంగడి చేతిపనివారి యంగడియనియే పేరుపొందినది. 2013లో బయటి కార్ఖానాలలో జేయించిన సరకునుగూడ ననుమతించినది. 2022 ఏప్రిలులో విక్రయముపై దీసికొను రుసుమును నూటికి 5 నుండి 6.5కు బెంచినది, వేలకొలది యమ్మకపువారు వారముదినములు తమ దుకాణములు మూసి నిరసన తెలిపిరి, కాని రుసుము తగ్గలేదు. అంగడి యజమానికి మూటయైనను ఫైలైనను నొక్కటియే. రెంటిమీదను రుసుము వచ్చును. ఈ యేర్పాటులో నిజముగా నిద్రలో సొమ్ము వచ్చుచున్నది అంగడివానికే.

అయినను రాబడి సంగతి మా వాదమునకు మూలము కాదు. ఫైలువలన నెక్కువయే వచ్చునని యొప్పుకొందము. అప్పుడును అడుగవలసిన ప్రశ్న మఱియొకటి యున్నది: ఆ యమ్మాయి యమ్మబోవునది ఏమి?

కలంకారీ వస్త్రమెట్లు పుట్టునో మన చదువరులలో ననేకులకు దెలియదని మా యనుమానము. మా యూరిలోనే తెలియనివారు పలువురు. ముదుకగుడ్డను పేడనీట నానవేసి, యెండబెట్టి, మఱలమఱల దడిపి చలువచేయుదురు. పిదప కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచుదురు. కరక్కాయలోని వగరు రంగును బట్టును. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. చింతపుల్లల బొగ్గుతో రేఖలు తీర్చుదురు. వెదురుపుల్లకు మొనదేల్చి, దానికి గొంచెము పైన నున్ని చుట్టి దారముతో గట్టినదే కలము. వ్రేళ్ళతో నొత్తినకొలదియే రంగు దిగును. నలుపునకు ఇనుపతునకలు, బెల్లము, నీరు కుండలో బోసి వారములతరబడి యూరవేయుదురు. దానిని కసిమి యందురు. కరక్కాయ పట్టిన గుడ్డపై కసిమి తగిలినక్షణమున గీత నల్లబడును. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూయుదురు. అప్పటికచ్చట నెఱుపు కనబడదు. చిరివేరో మంజిష్ఠయో వేసిన నీట నుడికించినపుడు పటిక తగిలినచోటనే యెఱుపు నిలిచి, తక్కినచోట్ల నీటితో బోవును. పిమ్మట పాఱునీట నుతుకవలెను. స్వర్ణముఖిలో నీరున్న నాళ్ళలో నదియే వారి యుదుకుతావు. ఎండిన నాళ్ళలో బావులను, బోరులను వెదకికొనవలెను. ఆ వెనుక పసుపువన్నె, నీలివన్నె. మఱల నుదుకుట, మఱల నెండవేయుట. ఎండ చాలనిచో నెఱుపు నిలువదు; నీరు మంచిది కానిచో నలుపు చెదరును.

ఇంత పని చేసిన తల్లికి దెలిసినది నెమలిబొమ్మ మాత్రమేనా? నీటిని నాలుకతో జూచి చెప్పగలదు. కసిమి పులిసినదో లేదో వాసనచే గ్రహింపగలదు. ఏ యెండకు గుడ్డ నెంతసేపు విడువవలెనో చేతికి దెలియును. ఈ విద్యలో వీసమైనను ఫైలునందు జేరదు. ఫైలునందు జేరునది రేఖ యొక్కటియే. తల్లికడ నున్న దానిలో సులభముగా దొంగిలింపదగిన భాగమేదో, దానినే కూతురు చేజేతుల మూటగట్టి 150 రూపాయలకు విక్రయింపనున్నది.

కొనువారెవరో విచారింపుడు. ఇంటిగోడకు బొమ్మ యంటించుకొను గృహిణి యొకతె కొనవచ్చును. దానివలన నపకారము లేదు. కాని గుడ్డపై నచ్చువేయు కార్ఖానావాడును గొనును. వాడు ఆ నెమలిని తెరకెక్కించి దినమునకు వేలకొలది గజములు లాగును. 'కలంకారీ డిజైను' అని పేరుపెట్టి అంగళ్ళకు బంపును. ఆ యచ్చుచీరె తల్లి వ్రాసిన చీరె వెలలో ఇరువదవవంతునకో ముప్పదవవంతునకో దొరకును. రెండింటిమీదను నెమలి యొకటియే. కొనువారి కండ్లకు భేదము తెలియదు. అప్పుడు తల్లి తన నెమలితోనే తాను పోటీపడవలెను. నిద్రలో వచ్చిన 150 రూపాయలు మేలుకొని చేసిన నెలపనిని మ్రింగివేయును. అమ్మాయి కాగితముమీది రెండు వరుసలను వేర్వేఱుగా గూడినది. రెండవవరుస మొదటివరుసను దినివేయునని లెక్కింపలేదు. మేము వెదకుచుండిన తప్పు ఇదియే.

శాసనము రక్షింపదా యని యడుగవచ్చును. 'శ్రీకాళహస్తి కలంకారీ' యను పేరు 2005-06లో భౌగోళికసూచికగా నమోదైనది. 1999నాటి యా చట్టము వస్తువులకు సంబంధించినది; ఆ పేరు పెట్టుకొని యితరులు సరకమ్ముట నిషేధించునుగాని, పేరు పెట్టక నెమలిని మాత్ర మచ్చువేయువానిని ఆపజాలదు. 1957నాటి గ్రంథస్వామ్యచట్టము చిత్రము గీసినవారికి జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును హక్కునిచ్చుచున్నది. కాని దానిలోని 15వ విభాగమును జదువుడు. డిజైనుగా నమోదుకాదగి నమోదుకాని చిత్రమును, హక్కుదారుగాని వారి యనుమతితో మఱియొకడుగాని, యంత్రరీతిచే నేబదిమారులకంటె నెక్కువగా వస్తువులపై దింపినచో ఆ డిజైనుపై స్వామ్యము పోవును. డిజైనుగా నమోదు చేయుదమన్నచో 2000వ సంవత్సరపు చట్టము క్రొత్తదియు, అంతకుముందు ప్రకటితము కానిదియునైన రూపమునే యంగీకరించును. ఇచ్చు గడువు 10 సంవత్సరములు, పెంచినచో మఱి 5. ముత్తాతనాటి నెమలి క్రొత్తది యెట్లగును? కావున చట్టముయొక్క రక్షణ వస్తువునకు గలదు. చేతినుండి విడిపోయిన రూపమునకు మిక్కిలి స్వల్పము.

విద్య చేతినుండి వేఱుపడి కాగితమెక్కుట మన తీరమున నిది మొదటిమారు కాదు. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణము మొదలగు రేవులనుండి మన యద్దకపుగుడ్డలు ఐరోపాకు దండిగా బోయినవి. తమ నేతవారు చెడిపోవుచున్నారని ఫ్రాన్సుదేశము 1686లో వానిని నిషేధించినది. ఆ నిషేధము 1759వఱకు నిలిచినది. ఇంగ్లండు 1700లోను 1720లోను శాసనములు చేసినది. నిషేధించిన దేశములవారే యా విద్య నేర్వగోరిరి. మన తీరమున నుండిన కూర్దూ యను ఫ్రెంచి పాదిరి, తన మతము పుచ్చుకొన్న యద్దకపువారి నడిగి తెలిసికొని, గుడ్డ చలువచేయుట మొదలు కరక్కాయ, గేదెపాలు, పటిక వఱకు సర్వమును 1742లో నొక లేఖగా వ్రాసి స్వదేశమునకు బంపెను, అది యచ్చుపడినది. ఈ కూర్దూ సామాన్యుడు కాడు. సంస్కృతమునకును లాటిను గ్రీకు భాషలకును గల బంధుత్వమును 1767లోనే పారిసు పండితుల దృష్టికి దెచ్చినవాడు, తెలుగు నేర్చినవాడు. ఆయన పాండిత్యమునకు మేము నమస్కరింతుము. కాని యా లేఖ సంగతి వేఱు. చెప్పిన యద్దకపువారికి దానివలన దక్కినదేమియు గనబడదు. నిషేధము తొలగిన మఱుసటియేడు, 1760లో, పారిసు సమీపమున జూయీ గ్రామములో అచ్చుగుడ్డల కార్ఖానా వెలసినది. తరువాత యంత్రములు వచ్చినవి. పిమ్మట మన రేవుల సంగతి లోకవిదితము. ఒక్క లేఖయే యింతచేసినదని మేమనము, కారణములు పెక్కు. అయినను విద్యను రూపముగా మాత్రమే అప్పగించినవారికి వెల ముట్టలేదన్న పాఠము మాత్రము నాటికి నేటికి నొక్కటియే.

అట్లు క్షీణించిన కలంకారీని మఱల నిలిపినదేమి? కమలాదేవీ చటోపాధ్యాయ మొదలగువారి చొరవచే 1950ల దశకమున మా యూర శిక్షణము మొదలైనది. ముసలి పనివారు యువకులకు చేయిపట్టి నేర్పిరి. ఆ పరంపరలోని జొన్నలగడ్డ గురప్పసెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినది. తరువాత స్త్రీలు పెక్కుమంది యీ పని నేర్చిరి. మా శిష్యురాలి తల్లి వారిలో నొకతె. చేయి చేతికి నేర్పగా విద్య నిలిచినది. ఇది మఱవరానిది. ప్రభుత్వమువారు మాత్రము మఱచినట్లున్నారు. 1952లో నేర్పడిన అఖిలభారత హస్తకళామండలిని 2020 ఆగస్టులో నెత్తివేసిరి.

ఇక మా యసలు ఫిర్యాదు. ఈ క్రొత్త యుపదేశము మన సంఘమున నింత సులభముగా నెక్కుటకు గారణమేమి? ఇది క్రొత్తది కాకపోవుటయే. పనిచేయువానికంటె పనిచేయించువాడు గొప్పవాడనియు, వానికంటె నేమియు జేయక తినువాడు మఱింత గొప్పవాడనియు తలంచుట మన పాతరోగము. నేయువాని, కుండలు చేయువాని, తోలు కుట్టువాని ముట్టరాదనియో మెట్టుదిగువ నుంచవలెననియో శాసించినది ఆ రోగమే. వడ్డీ దినివాడు పెద్దమనిషియై, వాని పొలము దున్నువాడు 'ఒరే' యగుటయు దానివలననే. ఈనాడు కులముపేరు చెప్పుటకు సిగ్గుపడువారు గూడ, చేతితో జేయువానికి రాబడి చేతులసంఖ్యకు మించి పెరుగదని నవ్వుచున్నారు. మాట మాఱినది, చిన్నచూపు మాఱలేదు. మా శిష్యురాలిని గూర్చి యామె బంధువొకరు 'ఇంత చదివి మఱల రంగుకుండ ముట్టునా?' అన్నారని వింటిమి. అమ్మాయి కాగితముమీది లెక్కకు వెనుక నా ప్రశ్న యున్నది. ఆమె ఫైళ్ళవైపు మొగ్గుట లాభముకొఱకు గొంత. కుండవాసన వదలించుకొనుటకు గొంత. మనము స్త్రీవిద్యను గోరినది తల్లి చేతులను జూచి కూతురు సిగ్గుపడుటకేనా?

ఇట్లన్నంతమాత్రమున ఫైలులన్నియు బాపమని మా మతము కాదు. విద్య యిచ్చినకొలది పెరుగునన్న పెద్దలమాట సంధిపాఠమునకు జెల్లును; మా పాఠమును వేయిమంది చదివినను మా బడిలోని పిల్లవానికి దక్కువగాదు. తాను కట్టిన పాట, తాను వ్రాసిన కథ, తాను తయారుచేసిన లెక్కలపుస్తకము ఫైలుగా నమ్ముట న్యాయమే. అవి స్వభావముచేతనే ప్రతులుగా బ్రతుకును. మఱి పనివారు తమ విద్యను దాచుకొనవలెనా యందురేమో. కాదు. నేర్వవచ్చిన ప్రతివారికి, ఏ కులమువారైనను, నేర్పవలెను. నేర్పినకొలది చేతులు పెరుగును. కసిమికుండ వారములతరబడి యెట్లూరునో, పటిక పూసినచోట నెఱుపెట్లు పుట్టునో చూపు పాఠమును చలనచిత్రముగా దీసి వెలకమ్మినచో మేము సంతోషింతుము. అది చూచినవాడు మఱునాడు తల్లి వ్రాసిన చీరెకు బేరమాడడు. కావున మా సూత్రమిది: ఫైలు వస్తువునకు బంటై దాని వెల బెంచునేని యమ్ముడు, వస్తువునకు బదులై దాని వెల దించునేని యమ్మకుడు.

వస్తువునే యమ్మగోరువారికిని కొన్నిమాటలు చెప్పవలసియున్నది. పనిదినములను లెక్కింపక, గుడ్డకును రంగునకును నైన ఖర్చుమాత్రము గూడి వెలకట్టుట మన యాడవారి యలవాటు; అది మానవలెను. వ్రాసి దాచి కొనువారికై యెదురుచూచుటకంటె, సగము రొక్కము ముందు పుచ్చుకొని కోరినవారికి వ్రాసియిచ్చుట మేలు. ఇన్ని వారములు పట్టునని, ఎండను నీటిని బట్టి రంగులో భేదముండునని ముందే స్పష్టముగా వ్రాసిన, తిప్పిపంపువారు తగ్గుదురు. అంతర్జాలమున బెట్టు ఫోటో చీరెను జూపవలెనుగాని, రేఖ రేఖను దింపుకొనుటకు వీలైనంత పెద్దదిగా నుండరాదు. భౌగోళికసూచిక చట్టము క్రింద అధికృతవినియోగదారులుగా పనివారు స్వయముగా పేరు నమోదు చేసికొనవచ్చును. చదువుకొన్న కూతుండ్రు ఆ దరఖాస్తు నింపియిచ్చినను దల్లులకు గొప్ప సాయము. చదువు చేతిపనికి జేయవలసిన సేవ యిట్టిది.

ఇదంతయు మేమా యమ్మాయికి జెప్పితిమి. ఆమె శ్రద్ధగా వినెను. విని, కొంతసేపు మా కిటికీవైపు జూచెను. అచ్చట నొక తెర వ్రేలాడుచున్నది. రెండేండ్లక్రితము పట్టణములో గొన్నది, 400 రూపాయలు. దానిమీద నెమళ్ళు.

"అయ్యవారూ, ఇది అచ్చుగుడ్డ కదా?" అనెను.

అవునంటిమి.

"మా అమ్మ దగ్గర మీరెప్పుడైనా ఏమన్నా కొన్నారా?"

మేము పదునెనిమిదేండ్లుగా ఆ వీధినే నడచి బడికి బోవుచున్నాము. ఒక్క చేతిగుడ్డయైనను గొనలేదు. ఆ తల్లి మా యొద్దకు బిడ్డను బంపినది. మేము మాత్రము ఆమె వాకిట నాగి వెల యడిగి, ఎక్కువయని ముందుకు సాగినవారమే. అమ్మాయికి బదులు చెప్పలేకపోతిమి. ఇంతవఱకు జేసిన సిద్ధాంతమంతయు మా కిటికీలోని తెరచే ఖండితమైనది.

ఆమె యింకను నిర్ణయింపలేదు. రెండువందల నెమళ్ళు ఆమె కంప్యూటరులో నున్నవి. నిర్ణయభారమును ఆమెయొక్కతెమీదనే వేయుట న్యాయము కాదని యిపుడు మాకు దెలిసినది. వస్తువును గొనువారు లేనపుడు వస్తువునే చేయుమని బోధించుట పస్తుండుమని బోధించుటయే. చదువరులారా, మన పెండ్లిండ్లలో విందునకును వీడియోలకును లక్షలు వ్యయింతుము. పెండ్లికూతు చీరె వ్రాసినదానికి నెలపనికి నెలకూలి యిచ్చుటకు నోరురాదు. హస్తకళలు నశించుచున్నవని సభలలో గన్నీరు గార్తుము. ఇంటికి వచ్చి అచ్చుగుడ్డ తెరలు వేసికొందుము. సంవత్సరమునకొక్కటి చాలును, చిన్నదే కానిండు, పనివారి చేతినుండి గొనుడు. ఎవరు వ్రాసిరి, ఎన్నాళ్ళు పట్టెను అని యడుగుడు, ఆ దినములకు దగిన వెల యిండు, ఆలస్యమైన నోర్చుకొనుడు.

మేము ఆ తల్లికడకు బోయి కిటికీతెర యొకటి వ్రాసియిమ్మని సొమ్ము ముందే యిచ్చి వచ్చితిమి. రెండునెలలు దాటినది. గీతలైనవని, నలుపు పట్టినదని, నీటికై చూచుచున్నానని ఆమె నిన్న కబురంపినది. తొందరలేదని చెప్పితిమి. పాత తెర దించివేసితిమి. అంతవఱకు కిటికీ తెరలేకయే యుండును.